50 లీటర్ల ఎలక్ట్రిక్ బ్రూ కెటిల్: గరిటె ముంచితే జివ్వుమంటోంది. ఎర్త్, ఆర్‌సీసీబీ ఎలా పెట్టాలి?

వోర్ట్_వేడి:

నమస్తే అండీ. బీరు కాచడానికి 50 లీటర్ల స్టీలు కెటిల్‌కి పక్కన, అడుక్కి దగ్గరగా 3500 వాట్ల ఎలిమెంట్ బిగించాను. సప్లై 230 వోల్టులు. పీఐడీ కంట్రోలర్ (ఉష్ణోగ్రత చూసి వేడిని సర్దేది), 40 ఆంపియర్ల ఎస్‌ఎస్‌ఆర్ (పీఐడీ చెప్పినట్టు ఎలిమెంట్‌ని ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ రిలే), 24 వోల్టుల డీసీ పంపు, దానికో ఎస్‌ఎంపీఎస్ (230ని 24 వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై). ఎలిమెంట్, పంపు తప్ప మిగతాదంతా ఒక ప్లాస్టిక్ పెట్టెలో ఉంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు వాడుతున్నాను. బోర్డులో 16 ఆంపియర్ల సీ కర్వ్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్, కర్వ్ అంటే ఎంత కరెంటుకి వెంటనే పడుతుందో చెప్పే రకం) ఉంది.

సమస్య ఏమిటంటే, నీళ్లు కాగుతుండగా స్టీలు గరిటె ముంచితే వేళ్లకి సన్నగా జివ్వుమంటోంది. లైన్ టెస్టర్ కెటిల్ అంచుకి ఆనిస్తే వెలుగుతోంది. ఎస్‌ఎస్‌ఆర్ మీది లైటు ఆరిపోయి ఉన్నప్పుడు కూడా వెలుగుతోంది, అదే అర్థం కావట్లేదు. ఎంసీబీ మాత్రం ఒక్కసారీ పడలేదు.

నా సందేహాలు ఇవి. ఎంసీబీ ఉండగా ఇంకేమైనా కావాలా? మెయిన్ బోర్డులో 63 ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ పసిగట్టి సప్లై తెంపే స్విచ్) ఉంది, మీద 100 ఎంఏ (మిల్లీఆంపియర్లు) అని రాసి ఉంది, అది సరిపోదా? కెటిల్‌కి ఎర్త్ ఇవ్వలేదు, ఎలిమెంట్‌కి రెండు వైర్లే వెళ్తున్నాయి. కెటిల్‌కి ఎర్త్ ఇస్తే నీళ్లలోకి కరెంటు లాగుతుందని అంటుంటారు, అందులో నిజమెంత?


ఫేజ్‌న్యూట్రల్:

ముందు ప్లగ్గు పీకేయండి. ఎంసీబీ దించి ఊరుకోవద్దు, ప్లగ్గే పీకండి. ఈ సంగతి తేలేదాకా ఆ కెటిల్‌లో ఉత్త నీళ్లు కూడా కాచొద్దు.

ఎంసీబీ ఉన్నది వైరు కాలకుండా చూడటానికి, మనిషి కోసం కాదు. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీఆంపియర్లు. తడి చేతులతో ఉన్న మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర 230 మిల్లీఆంపియర్లు పారుతుంది. పట్టుకున్నదాన్ని వదల్లేకపోవడం 10 మిల్లీఆంపియర్ల ప్రాంతంలోనే మొదలవుతుంది. 30 దాటి కాసేపు నిలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. 230 మిల్లీఆంపియర్లంటే ఎంసీబీ లెక్కలో 60 వాట్ల బల్బు కన్నా తక్కువ. అది కదలనే కదలదు.

మెయిన్‌లో ఉన్న 100 ఎంఏ ఆర్‌సీసీబీ ఇల్లంతటి లీకేజీ పెరిగి నిప్పు రాజుకోకుండా చూడటానికి. ఒంటికి తగిలే షాక్ నుంచి కాపాడాలంటే 30 ఎంఏ కావాలి. 30 ఎంఏ ఆర్‌సీసీబీ 15 వరకు పడకూడదు, 30 వచ్చేసరికి 0.3 సెకన్ల లోపు పడాలి, 150 వస్తే 0.04 సెకన్ల లోపు పడాలి. ఈ కెటిల్ లైనుకి విడిగా ఒకటి పెట్టండి. రెండు పోళ్లది (ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపేది), 25 ఆంపియర్లది సరిపోతుంది. ఎంసీబీ, ఆర్‌సీసీబీ కలిసిన 20 ఆంపియర్ల ఆర్‌సీబీఓ అయితే పెట్టెలో చోటు కలిసొస్తుంది.

కొనేటప్పుడు టైప్ చూడండి. ఏసీ (AC) టైప్ కాకుండా ‘ఏ’ (A) టైప్ తీసుకోండి. ఎస్‌ఎస్‌ఆర్ లోపల ఒకదానికొకటి తిరగేసి పెట్టిన రెండు ఎస్‌సీఆర్‌లు (ఒక వైపే కరెంటు పోనిచ్చే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) ఉంటాయి. అందులో ఒకటి పోతే కరెంటు సగం తరంగంగానే పారుతుంది. అప్పుడు లీకేజీ కూడా సగం తరంగమే. ఏసీ టైప్‌కి అలాంటి లీకేజీ సరిగ్గా కనపడకపోవచ్చు. ‘ఏ’ (A) టైప్ దాన్ని పసిగడుతుంది.

ఇక ఎర్త్. నీళ్లలోకి కరెంటు లాగుతుందన్న మాట పూర్తిగా తలకిందులు. ఎలిమెంట్ తొడుగు చిట్లిన రోజున కరెంటు ఎలాగూ నీళ్లలోకి వస్తుంది. ఎర్త్ ఉంటే అది కెటిల్ గోడ పట్టుకుని ఎర్త్ వైరులోకి పోతుంది, ఆర్‌సీసీబీ ఆ క్షణమే పడిపోతుంది, మీరు దగ్గర లేకపోయినా సరే. ఎర్త్ లేకపోతే కెటిల్ 230 వోల్టుల మీద నిశ్శబ్దంగా కూర్చుంటుంది. మీరు ముట్టుకున్నాకే ఆర్‌సీసీబీకి తేడా తెలుస్తుంది, ఎందుకంటే ఎర్త్ వైరు పని అప్పుడు మీ ఒళ్లే చేస్తోంది. అది పడేదాకా షాక్ షాకే.

ఎర్త్ ఒక్కటీ ఉండి ఆర్‌సీసీబీ లేకపోయినా చిక్కే. ఇంటి ఎర్త్ గుంత నిరోధం 5 ఓములు అనుకోండి, గుంతల్లో అది మంచిదనే లెక్క. ఫేజ్ కెటిల్‌కి తగిలితే 230 / 5 = 46 ఆంపియర్లు. సీ కర్వ్ 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే 80 నుంచి 160 కావాలి. 46 దగ్గర అది వేడెక్కి పడటానికి సెకన్లు తీసుకుంటుంది, ఆ సేపంతా కెటిల్ ఒళ్లు దాదాపు పూర్తి వోల్టేజీ మీదే ఉంటుంది. ఎర్త్ గుంతనే నమ్ముకున్న వైరింగ్‌లో 30 ఎంఏ ఆర్‌సీసీబీ తప్పనిసరి అనేది ఇందుకే.

కెటిల్‌కి ఎర్త్ కనెక్షన్ ఇలా ఇవ్వండి. కింద స్కర్ట్ (అడుగు చుట్టూ దిగే అంచు) ఉంటే అక్కడ, లేకపోతే హ్యాండిల్ బ్రాకెట్ దగ్గర స్టెయిన్‌లెస్ ఎం6 స్టడ్ వెల్డ్ చేయించడం అన్నిటికన్నా మంచిది. వరుస ఇది: కెటిల్ లోహం, పళ్ల వాషరు, క్రింప్ చేసిన రింగ్ లగ్గు, మామూలు వాషరు, స్ప్రింగ్ వాషరు, నట్టు. పైన ఇంకో లాక్ నట్టు. లగ్గు కింద పెయింటు, గ్రీజు, సిలికాన్ ఉండకూడదు. ఎర్త్ వైరు ఫేజ్ వైరు మందమే ఉండాలి, 2.5 స్క్వేర్‌కి (చ.మి.మీ.) తగ్గొద్దు. ఎలిమెంట్ నట్టు ద్వారా ఎలాగూ కెటిల్‌కి తగులుతుందిలే అని వదిలేయకండి. ఆ నట్టుకి రెండు వైపులా సిలికాన్ వాషర్లు ఉంటే అక్కడ లోహానికి లోహం తగలదు. ఎలిమెంట్ ఫ్లాంజ్‌కీ కెటిల్‌కీ వేరువేరుగా ఎర్త్ ఇవ్వండి.


మెగా_ఓమ్:

పైన చెప్పినవన్నీ చేయండి, కానీ ముందు ఆ జివ్వు ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకోవాలి. నాకు మూడు అనుమానాలున్నాయి.

మొదటిది ఎలిమెంట్. లోపలి తీగకీ పై తొడుగుకీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. అది గాలిలోని తేమని పీలుస్తుంది. చివర్ల సీలు పాడైతే ఇన్సులేషన్ పడిపోయి తొడుగుకి లీకేజీ మొదలవుతుంది.

రెండోది ఎస్‌ఎంపీఎస్. ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి దాని ఎర్త్ టెర్మినల్‌కి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఆ టెర్మినల్‌ని గాలికి వదిలేస్తే అది సప్లైలో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. రెండు పిన్నుల ఎస్‌ఎంపీఎస్ అయినా అవుట్‌పుట్ వైపు ఇలాంటి తేలే వోల్టేజీ ఉంటుంది. పంపు నెగెటివో, ఉష్ణోగ్రత ప్రోబ్ తొడుగో కెటిల్‌కి తగులుతుంటే జివ్వుమంటుంది. కరెంటు మిల్లీఆంపియర్ కన్నా తక్కువే, ప్రాణం తీయదు. కాని మొదటి దానికీ దీనికీ తేడా చేతికి తెలియదు, టెస్టర్‌కీ తెలియదు. నియాన్ టెస్టర్ కొన్ని మైక్రోఆంపియర్లకే వెలుగుతుంది, దాన్ని చూసి ఏమీ తేల్చలేం.

మూడోది సాకెట్‌లో ఎర్త్ పిన్నుకీ న్యూట్రల్‌కీ ముక్క వైరు కలిపి ఉండటం. ఎర్త్ వైరు లాగలేదని కొందరు చేసే పని ఇది. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. సప్లై వైపు ఎక్కడో న్యూట్రల్ తెగితే కెటిల్ ఒళ్లంతా 230 వోల్టులవుతుంది, ఏ ఇన్సులేషనూ పోకుండానే. ఆ లింకు ఆర్‌సీసీబీకి ముందు (సప్లై) వైపు ఉంటే ఇంకా ఘోరం. కరెంటు ఫేజ్‌లో వెళ్లి న్యూట్రల్‌లో తిరిగి ఆర్‌సీసీబీ దాటాకే ఎర్త్ వైరులోకి మళ్లుతుంది కాబట్టి దానికి తేడా కనపడదు. వెనక (కెటిల్) వైపు ఉంటే ఫేజ్ కెటిల్‌కి తగిలినా కరెంటు న్యూట్రల్ గుండానే తిరిగొస్తుంది, దాన్నీ ఆర్‌సీసీబీ లీకేజీగా చూడదు.

ఇక పరీక్షలు, ఈ వరుసలోనే చేయండి.

సాకెట్ నుంచి మొదలుపెట్టండి. కొత్త ఆర్‌సీసీబీ పెట్టి దాన్ని దించి ఉంచండి. అది రెండు పోళ్లూ తెంపుతుంది కాబట్టి సాకెట్‌లో పిన్నులకి సప్లై ఉండకూడదు. వోల్టేజీ రేంజిలో పెట్టి అది ఖాయం చేసుకున్నాక, న్యూట్రల్ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య ఓములు చూడండి. మల్టీమీటర్ ఓపెన్ చూపించాలి. సున్నా దగ్గర చూపిస్తే వెనక లింకు ఉంది, తీయించాలి. ఎర్త్ బాగుందో లేదో బల్బుతో చూడటం వద్దు. 100 వాట్ల బల్బు తీసుకునేది 0.43 ఆంపియరు. ఎర్త్ 50 ఓములున్నా అక్కడ పడేది 22 వోల్టులే. బల్బు కాస్త మసకబారి వెలుగుతుంది, చూసినవాడు ఎర్త్ బ్రహ్మాండం అంటాడు. దీనికి ఎర్త్ టెస్టర్ గాని లూప్ టెస్టర్ గాని ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

తర్వాత ప్లగ్గు బయట పెట్టి, దాని ఎర్త్ పిన్ను నుంచి కెటిల్ అంచు, ఎలిమెంట్ ఫ్లాంజ్, వాల్వు, మెటల్ స్టాండు ఒక్కొక్కదానికీ నిరోధం కొలవండి. మల్టీమీటర్ ప్రోబులు రెండూ కలిపి చూపించే అంకె తీసేయండి, సాధారణంగా 0.2, 0.3 ఓములు ఉంటుంది. మిగిలేది 0.1 అటూ ఇటూ ఉండాలి. 1 ఓము దాటితే ఎక్కడో లగ్గు వదులు.

చివరగా మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ కొలిచే మీటరు). 500 వోల్టుల డీసీ రేంజి. ఎలిమెంట్ ప్లగ్గు పెట్టె నుంచి ఊడదీసి, దాని రెండు కాళ్లూ కలిపి ఒక ప్రోబు, ఫ్లాంజ్‌కి రెండోది. పెట్టె మొత్తాన్ని మెయిన్ ప్లగ్గు నుంచి కొలిచి సరిపెట్టుకుంటే మోసపోతారు. ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉంటుంది, కాంటాక్టర్ (పెద్ద కరెంటు తెంపే రిలే) ఉంటే అదీ తెరిచి ఉంటుంది, మెగ్గర్‌కి ఎలిమెంట్ సరిగ్గా కనపడనే కనపడదు. పైగా 500 వోల్టులకి పీఐడీ, ఎస్‌ఎంపీఎస్ పాడవ్వొచ్చు. ఎలిమెంట్‌ని రెండు సార్లు కొలవండి. ఆరినప్పుడు ఒకసారి, నీళ్లు నింపి వేడిగా ఉన్నప్పుడు ఇంకోసారి. చిన్న చిట్లు పొడిగా ఉంటే బయటపడదు.

కొత్త ఎలిమెంట్ వంద మెగాఓములు పైనే ఇవ్వాలి. 1 మెగాఓము కన్నా తగ్గితే వాడొద్దు. ఆర్‌సీసీబీ పడటం 15 కిలోఓముల చుట్టుపక్కల మొదలవుతుంది (230 / 0.015), అంటే ఆర్‌సీసీబీ పడట్లేదు కాబట్టి ఎలిమెంట్ బాగానే ఉంది అనుకోవడానికి లేదు. మధ్యలో చాలా దూరం ఉంది.


కాంటాక్టర్_క్లిక్:

ఎస్‌ఎస్‌ఆర్ లైటు ఆరినా టెస్టర్ ఎందుకు వెలుగుతోందని అడిగారు, దానికి ఎవరూ జవాబివ్వలేదు.

ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్ అంటే తెగినట్టు కాదు. లోపల స్నబ్బర్ సర్క్యూట్ (వోల్టేజీ ఎగుడుదిగుళ్ల నుంచి దాన్ని కాపాడేది) గుండా కొన్ని మిల్లీఆంపియర్లు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. పైగా అది ఒక్క వైరునే ఆపుతుంది. ప్లగ్గులో వైర్లు తిరగబడినా, సాకెట్‌లో ఫేజ్ న్యూట్రల్ మారినా, ఎస్‌ఎస్‌ఆర్ న్యూట్రల్‌లో ఉండి ఎలిమెంట్ తీగ మొత్తం ఫేజ్ మీదే కూర్చుంటుంది. మెగా_ఓమ్ గారి మొదటి అనుమానం నిజమైతే లైటు ఆరినా వెలిగినా లీకేజీ ఉంటుంది.

ఇంకో గుణం, ఎస్‌ఎస్‌ఆర్ చెడిపోయేటప్పుడు సాధారణంగా షార్ట్ అయి చస్తుంది. అంటే పీఐడీ ఆపమన్నా ఎలిమెంట్ మండుతూనే ఉంటుంది. కెటిల్ ఖాళీ చేస్తుంటే, నీళ్లు లేని ఎలిమెంట్ ఎర్రబడి తొడుగు చిట్లుతుంది. మీరు మళ్లీ నీళ్లు పోసేసరికి ఆ చిట్లులోంచి ఫేజ్ నీళ్లలోకి దిగుతుంది. వేడి కంట్రోల్ తప్పడం, షాక్ కొట్టడం వేరువేరు సమస్యలుగా చూస్తారు గానీ చాలాసార్లు మొదటిదే రెండోదానికి దారి.

అందుకని ఎస్‌ఎస్‌ఆర్‌కి ముందు రెండు పోళ్ల కాంటాక్టర్ పెట్టండి. ఏసీ-1 (హీటర్ లాంటి లోడ్లకి ఇచ్చే) రేటింగులో 25 ఆంపియర్లు, కాయిల్ 230 వోల్టులు. ఫేజ్, న్యూట్రల్ రెండూ దాని గుండానే. కాయిల్ లైనులో వరుసగా ఇవి: ఎర్ర పుట్టగొడుగు ఎమర్జెన్సీ బటన్ ఎన్‌సీ (మామూలుగా కలిసే ఉండే) కాంటాక్టు, ఎలిమెంట్ కన్నా కొంచెం పైన పెట్టిన ఫ్లోట్ స్విచ్, స్టాప్ బటన్, స్టార్ట్ బటన్. స్టార్ట్‌కి సమాంతరంగా కాంటాక్టర్ సహాయక కాంటాక్టు. ఫ్లోట్ స్విచ్ కెటిల్ లోపల ఉండేది కాబట్టి దానికి 230 ఇవ్వొద్దు, 24 వోల్టుల చిన్న రిలే ద్వారా తీసుకోండి. ఇలా కడితే కరెంటు పోయి వచ్చినప్పుడు ఎలిమెంట్ తనంతట తాను వెలగదు, మళ్లీ స్టార్ట్ నొక్కాలి. కెటిల్ కడుగుతుండగా కరెంటు రావడం అనే సమస్య దాంతోనే పోతుంది.

కొన్ని బ్రూ ప్యానెల్ బొమ్మల్లో ఎమర్జెన్సీ బటన్‌ని వేరే రకంగా కడతారు. బటన్ నొక్కితే ఫేజ్ నుంచి ఒక రెసిస్టర్ గుండా కావాలని ఎర్త్‌కి లీకేజీ పంపి ఆర్‌సీసీబీని పడగొడతారు. దయచేసి అది చేయకండి. ఆర్‌సీసీబీ పాడైన రోజున ఎమర్జెన్సీ బటన్ కూడా పాడైనట్టే. ఎర్త్ తెగి ఉంటే ఇంకా అందం, బటన్ నొక్కితే కెటిల్‌కే ఫేజ్ వెళ్తుంది.

వైర్లు, ప్లగ్గు గురించి. 3500 / 230 = 15.2 ఆంపియర్లు, అదీ గంటా గంటన్నర ఆగకుండా. 16 ఆంపియర్ల ప్లగ్గుకి ఇది అంచు మీద నడక. పిన్ను కాస్త వదులైతే ప్లాస్టిక్ కరుగుతుంది. నీలం రంగు ఇండస్ట్రియల్ ప్లగ్గు, సాకెట్ 32 ఆంపియర్లది పెట్టండి. గోడ నుంచి పెట్టెకి 4 స్క్వేర్, పెట్టె నుంచి ఎలిమెంట్‌కి 2.5 స్క్వేర్ రబ్బరు గాని సిలికాన్ గాని తొడుగు ఉన్న ఫ్లెక్సిబుల్ కేబుల్. మామూలు పీవీసీ 70 డిగ్రీలకే, కాగే కెటిల్ గోడకి ఆనితే మెత్తబడుతుంది. ఎంసీబీ 20 ఆంపియర్లు. 16ది వేడి పెట్టెలో ఉత్తపుణ్యానికి పడుతుంటుంది, అది 30 డిగ్రీల దగ్గర లెక్కగట్టిన అంకె. ఎలిమెంట్‌కి స్టార్టింగ్ కరెంటు ఉండదు కాబట్టి బీ కర్వ్ చాలు. వెంటనే పడటానికి 60 నుంచి 100 ఆంపియర్లు సరిపోతుంది.

పెట్టె నుంచి కెటిల్‌కి వెళ్లే కేబుల్‌కి కనెక్టర్ పెడితే, సప్లై వైపు ఎప్పుడూ ఆడ కనెక్టరే ఉండాలి. ఊడదీసినప్పుడు బయటికి కనిపించే పిన్నుల మీద కరెంటు ఉండకూడదు. కంప్యూటర్లకి వాడే మూడు పిన్నుల కార్డు 10 ఆంపియర్లకే, ఇక్కడ దాని ఊసే వద్దు.

ఎస్‌ఎస్‌ఆర్ మీద ఒక వోల్టు పైన పడుతుంది, అంటే 15 ఆంపియర్లకి 18 వాట్ల దాకా వేడి. హీట్ సింక్ రెక్కలు పెట్టె బయటికి ఉండేలా బిగించి, ఆ హీట్ సింక్‌కి కూడా ఎర్త్ ఇవ్వండి. మెటల్ పెట్టెకి మారితే తలుపుకి విడిగా జడ వైరుతో ఎర్త్ ఇవ్వాలి, కీలు ఎర్త్ కిందకి రాదు.


హాప్స్_తీగ:

ఎలిమెంట్ తోక దగ్గరి డబ్బా గురించి ఎవరూ మాట్లాడట్లేదు. షాక్ కేసుల్లో నేను ముందు అనుమానించేది అక్కడే.

వోర్ట్ (బీరు కోసం కాచే మాల్టు రసం) పొంగితే కెటిల్ గోడ మీదుగా సరిగ్గా ఆ టెర్మినళ్ల మీదకే కారుతుంది. అది ఉత్త నీరు కాదు. చక్కెర, లవణాలు ఉన్న రసం. ఆరాక జిగురు పొరలా మిగిలి, తేమ తగలగానే కరెంటుకి దారి ఇస్తుంది. నీళ్లు ఆరిపోతే లీకేజీ పోతుంది, వోర్ట్ ఆరితే పోదు.

టెర్మినళ్ల మీద మెటల్ డబ్బా ఉండాలి, దానికి ఎర్త్ ఉండాలి. ప్లాస్టిక్ డబ్బా వేడికి వంగితే వైరు కెటిల్‌కి తగిలేది లోపలే, మీకు కనపడదు. కేబుల్ గ్లాండ్ కింది వైపుకి పెట్టండి, కేబుల్ డబ్బా కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి. కారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. డబ్బాకీ కెటిల్‌కీ మధ్య సీలుకి సిలికాన్ వాడితే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగి లగ్గులని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది తీసుకోండి.

డబ్బాని పూర్తిగా మూసేయాలా, అడుగున చిన్న రంధ్రం వదలాలా అనే దాని మీద ఎప్పుడూ గొడవే. నేను రంధ్రం పక్షం. అడుగున అన్నిటికన్నా కింది చోట 3 మి.మీ. రంధ్రం ఒకటి. వేడెక్కడం చల్లారడం జరిగే డబ్బాలోకి తేమ ఎలాగూ చేరుతుంది, సీలు ఎంత బాగుంటే అంత లోపలే నిలుస్తుంది. ఎలిమెంట్ సీలు చుట్టూ లీకైతే రంధ్రంలోంచి చుక్క కనపడటం ఇంకో లాభం.

ప్యానెల్ పెట్టె ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు చొరబడని రకం) అయినా ఆవిరి పొగ దారిలో పెట్టొద్దు. కెటిల్‌కి పక్కకి, చేతికందేంత దూరంలో. గ్లాండ్లన్నీ అడుగు నుంచే.


వోర్ట్_వేడి:

ధన్యవాదాలండీ. ఎలక్ట్రీషియన్‌తో కలిసి చూశాం. సాకెట్‌లో న్యూట్రల్, ఎర్త్ మధ్య ఓపెన్, లింకు లేదు. గుంత నిరోధం 8 ఓములు. ఎలిమెంట్ మెగ్గర్ ఆరినప్పుడు 6 మెగాఓములు, వేడి నీళ్లలో 0.4 మెగాఓములు. ఎస్‌ఎంపీఎస్ ఎర్త్ టెర్మినల్‌కి ఏమీ తగిలించి లేదు. కెటిల్‌కి స్టడ్ వెల్డ్ చేయించాను.

రెండు ప్రశ్నలు. ఈ ఎలిమెంట్‌ని ఓవెన్‌లో ఆరబెడితే దారికొస్తుందా? 30 ఎంఏ బదులు 10 ఎంఏ ఆర్‌సీసీబీ పెడితే ఇంకా భద్రం కదా?


మెగా_ఓమ్:

0.4 మెగాఓములంటే 230 వోల్టులకి 0.6 మిల్లీఆంపియర్ దాకా. జివ్వుమనడానికి అది చాలు, పక్కన ఎర్త్ లేని ఎస్‌ఎంపీఎస్ కూడా తోడైంది. రెండూ కలిసి చేసిన పని.

ఆరబెట్టడం అనేది గోదాములో చాలాకాలం పడి ఉండి తేమ పీల్చిన కొత్త ఎలిమెంట్‌కి పనిచేస్తుంది. టెర్మినల్ రబ్బరు సీళ్లు తీసి 120 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఉంచితే మెగాఓములు మళ్లీ పెరుగుతాయి. మీది అది కాదు. పొడిగా 6 ఉండి నీళ్లలో 0.4కి పడిందంటే నీళ్లు ఎక్కడినుంచో లోపలికి వెళ్తున్నాయి. తొడుగు చిట్లి ఉండాలి, లేదా ఫ్లాంజ్ దగ్గర బ్రేజింగ్ విడి ఉండాలి. ఆరబెడితే అంకె పెరుగుతుంది, తర్వాతి కాపుకి మళ్లీ పడిపోతుంది. పారేయండి. తీసేటప్పుడు మీద పొక్కులు, నల్లటి మచ్చ ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే నీళ్లు తక్కువైనప్పుడు కాలిందని అర్థం, ఫ్లోట్ స్విచ్ మరీ కింద ఉందేమో సరిచూసుకోండి. కొత్తది బిగించగానే వేడి నీళ్లలో మెగ్గర్ వేసి ఆ అంకె పెట్టె తలుపు లోపల రాసి పెట్టుకోండి. తర్వాత పోల్చుకోవడానికి అదొక్కటే ఆధారం.


ఫేజ్‌న్యూట్రల్:

10 ఎంఏ మాట. కాయితం మీద ఇంకా భద్రం, నిజమే. కాని ఎలిమెంట్ చల్లగా ఉన్నప్పుడు కాస్త లీకవడం దాని స్వభావం, ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్, కేబుల్ కలుపుకుని మామూలు రోజునే ఒకటి రెండు మిల్లీఆంపియర్లు ఉండొచ్చు. 10 ఎంఏది 5 దాటితే పడటానికి హక్కుంది. మాష్ (మాల్టుని వేడి నీళ్లలో నానబెట్టే దశ) మధ్యలో పదేపదే పడిపోతుంటే మనిషి చేసే పని ఒక్కటే, దాన్ని తప్పించి నేరుగా కలిపేయడం. అమెరికా తరహా 120/240 వోల్టుల సప్లై ఉన్నచోట 5 ఎంఏ రెండు పోళ్ల జీఎఫ్‌సీఐ (ఆర్‌సీసీబీ లాంటిదే) వాడతారు, బాగున్న ఎలిమెంట్‌తో అది నడుస్తుంది. అక్కడ రెండు వైర్లూ ఫేజులే కాబట్టి కాంటాక్టర్ గారు చెప్పిన రెండు పోళ్ల కాంటాక్టర్ ఇంకా తప్పనిసరి. మీ 230కి మంచి ఎర్త్‌తో 30 ఎంఏ సరిపోతుంది. 10 పెట్టాలనే ఉంటే పెట్టండి, కెటిల్ ఒక్కదానికే.

ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ కాచే ప్రతిసారీ మొదలుపెట్టే ముందు నొక్కండి. అది లోపలి రెసిస్టర్ గుండా ఒక వైపు ఫేజ్ నుంచి ఇంకో వైపు న్యూట్రల్‌కి కరెంటు పంపి తేడా పుట్టిస్తుంది. యంత్రం కదులుతోందని తెలుస్తుంది, అంతే. ఎర్త్ తెగిపోయి ఉన్నా బటన్ చక్కగా పనిచేస్తుంది, కాబట్టి ఎర్త్ కొలత విడిగా చేయాల్సిందే.

ఇంకోటి. ఆర్‌సీసీబీ వెనక నుంచి తీసిన న్యూట్రల్‌ని ఇంకే సర్క్యూట్‌తోనూ కలపకూడదు. లైటుకో ఫ్యానుకో అక్కడినుంచి న్యూట్రల్ తీసుకుంటే కారణం లేకుండా పడుతుంటుంది, అందరూ ఎలిమెంట్‌ని తిడతారు. ఒక చేయి ఫేజ్ మీద, ఇంకో చేయి న్యూట్రల్ మీద పెడితే ఏ ఆర్‌సీసీబీ అయినా మిమ్మల్ని ఎలిమెంట్ అనే అనుకుంటుంది. పెట్టె తెరిస్తే ప్లగ్గు బయట ఉండాలి.


వోర్ట్_వేడి:

కొత్త ఎలిమెంట్ వేడి నీళ్లలో 200 మెగాఓములు దాటింది. ఎస్‌ఎంపీఎస్‌కి ఎర్త్ ఇచ్చాను, టెస్టర్ వెలగట్లేదు. పంపు 24 వోల్టుల నెగెటివ్‌ని కూడా ఎర్త్‌కి కలపాలా?


కాంటాక్టర్_క్లిక్:

ఎస్‌ఎంపీఎస్ మీద సేఫ్టీ ఐసొలేషన్ గుర్తు ఉంటే కలపక్కర్లేదు, ఆ 24 వోల్టులు ముట్టుకున్నా ఫరవాలేదు. గుర్తు లేని చౌక రకం అయితే నెగెటివ్‌ని పెట్టెలోని ఎర్త్ బార్‌కి ఒక్క చోట కలపండి. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోతే ఆర్‌సీసీబీ పడుతుంది. రెండు చోట్ల కలిపితే పీఐడీ ప్రోబు రీడింగు ఊగుతుంది. 24 వోల్టుల వైర్లు, 230 వైర్లు పెట్టెలో ఒకే డక్ట్‌లో కలిపి పోనివ్వకండి.